మజిల్‌లోడర్‌కి తూటా ఎంచుకోవడం: జింక వేటకు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

గొట్టం మూతి నుంచి మందు, తూటా దట్టించి పేల్చే తుపాకీ మజిల్‌లోడర్. దాన్ని పేల్చిన మరుక్షణం కళ్ల ముందు తెల్లటి పొగ తెర దిగుతుంది. జింక తూలిందా, ఎగిరిందా, ఎటు పరుగెత్తింది, ఏదీ కనబడదు. పొగ విడిపోయేసరికి అది నిలబడ్డ చోటు ఖాళీగా ఉంటుంది. ఇక మీకు దారి చూపాల్సింది నేల మీద నెత్తురు చుక్కలే. అందుకే ఈ వ్యాసమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మీరు ఎంచుకున్న తూటా రెండు ఊపిరితిత్తుల్నీ చీల్చుకుని అవతలి పక్కనుంచి బయటికి వస్తుందా, రాదా? డబ్బా మీద రాసిన వేగం, ధర, పేరు అన్నీ దాని తర్వాతే.

నేను ఒహాయోలో జనవరి చలిలో జరిగే మజిల్‌లోడర్ సీజన్‌లో వేటాడతాను. అమెరికాలో స్థిరపడి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, ఇప్పుడిప్పుడే మజిల్‌లోడర్ చేతబడుతున్న తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇదే, "ఏ బుల్లెట్ కొనమంటారండీ?" దానికి ఒక్క మాటలో జవాబు లేదు. వరసగా చేయాల్సిన పనులైతే ఉన్నాయి.

మొదటే ఒక మాట. మన ఊళ్లలో నాటు తుపాకీలో మందు పోసి, పీచు కుక్కి, గుండ్లు దట్టించడం గురించి చాలామంది విని ఉంటారు. పని తీరు అదే, గొట్టం మూతి నుంచే నింపుతాం. అయితే ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో లైసెన్సు, ట్యాగ్ (జింకను కొట్టడానికిచ్చే అనుమతి చీటీ) తీసుకుని చేసే వేట గురించే. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ దగ్గర పెట్టుకోవడంపై ఫెడరల్ చట్టంలో నిషేధం ఉంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపూ ఉంది. కాబట్టి ఏదీ కొనకముందే ఇమిగ్రేషన్ లాయర్ని ఒకసారి కలవండి. ఈ విషయంలో స్నేహితుల మాట మీద ఆధారపడొద్దు.

ఇంకో చిన్న సంగతి. బ్లాక్ పౌడర్‌ని తెలుగులో "నల్లమందు" అనకండి, అది వేరే సరుకు. తుపాకిమందు అంటే సరిపోతుంది.

1. ముందు మీ రాష్ట్రం రూల్ బుక్ చదవండి

తూటాల దుకాణానికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది. ఒక రాష్ట్రంలో అందరూ వాడే తూటా పక్క రాష్ట్రంలో నిషిద్ధం కావచ్చు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే సాబో తూటాలు కుదరవు, బిళ్లల రూపంలో ఉండే పెల్లెట్ మందు కూడా కుదరదు. ఐడహోలో మజిల్‌లోడర్‌కి మాత్రమే కేటాయించిన సీజన్లలో సాబో వద్దంటారు, తూటా పూర్తిగా సీసంతో లేదా సీసం మిశ్రమంతో ఉండాలంటారు. కాలిఫోర్నియాలో దీనికి సరిగ్గా ఎదురు: 2019 జులై 1 నుంచి అక్కడ ఏ వేటకీ సీసం తూటా వాడకూడదు. ఇవన్నీ ఏటా మారగల నియమాలు కాబట్టి ఆ ఏడాది పుస్తకమే చూడాలి.

2. గొట్టం లోపలి మెలిక ఎంతో తెలుసుకోండి

తూటాని ఎంచేది మనం అనుకుంటాం, నిజానికి ఎంచేది బ్యారెల్. గొట్టం లోపల మర మాదిరిగా మెలి తిరిగిన గాడులు ఉంటాయి. తూటా ఆ గాడుల్ని పట్టుకుని బొంగరంలా తిరుగుతూ బయటికొస్తుంది. తూటా ఎంత పొడుగైతే అంత వేగంగా తిరిగితేనే నిలకడగా పోతుంది. గుండ్రటి గుండుకి నెమ్మదైన తిరుగుడు చాలు.

50 కేలిబర్ గొట్టాల్లో, అంటే లోపలి వెడల్పు అర అంగుళం ఉన్నవాటిలో, ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. 60 లేదా 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి పాత పద్ధతి గుండు కోసం చేసినవి. 48 అంగుళాలకు ఒక చుట్టు అనేది మధ్యేమార్గం, గుండూ పోతుంది, పొట్టి సీసం తూటా కూడా పోతుంది. 28 అంగుళాలకు ఒక చుట్టు అనేది ఈనాటి ఇన్‌లైన్ మజిల్‌లోడర్ల (మందుని అంటించే ప్రైమర్ గొట్టానికి సరిగ్గా వెనకే ఉండేవి) కొలత, సాబోలకూ పొడుగాటి తూటాలకూ అనువైనది. 1985లో మిజోరీకి చెందిన టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85తో ఈ ఇన్‌లైన్ల కాలం ఊపందుకుంది. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే వాటిలో ఎక్కువ ఆ దారిలోనివే.

మీ గొట్టం మెలిక తెలియకపోతే ఇంట్లోనే కొలవొచ్చు. తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి. పిడిలో స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ చివర బిగుతుగా గుడ్డ చుట్టి గొట్టం అడుగుదాకా దింపండి. రాడ్ మీద పైవైపు ఒక గీత పెట్టి, గొట్టం మూతికి ఆనుకునేలా రాడ్ మీదే ఒక టేపు ముక్క అంటించండి. ఇప్పుడు నెమ్మదిగా బయటికి లాగుతూ ఆ గీత పావు చుట్టు తిరిగేదాకా చూడండి. టేపు మూతి నుంచి 7 అంగుళాలు జరిగితే మీది 28 మెలిక. 12 అంగుళాలైతే 48. పదహారున్నర అయితే 66. రెండుమూడు సార్లు చేస్తే లెక్క కుదురుతుంది.

3. మూడు జాతుల్లో మీది ఏదో తేల్చుకోండి

గుండు. 50 కేలిబర్ గొట్టంలో వాడే 0.490 అంగుళాల సీసపు గుండు సుమారు 177 గ్రెయిన్లు తూగుతుంది. (పౌండుకి 7,000 గ్రెయిన్లు. 250 గ్రెయిన్లంటే 16 గ్రాములకు కాస్త ఎక్కువ.) నూనె రాసిన గుడ్డ ముక్కలో చుట్టి దట్టిస్తారు. మొదట్లో మంచి వేగంతో బయల్దేరినా గాలి దీన్ని ఇట్టే ఆపేస్తుంది. సెకనుకు 1,900 అడుగులతో బయల్దేరిన గుండు 100 గజాలు చేరేసరికి దాదాపు సగం వేగం పోగొట్టుకుంటుంది. వేగం సగమైతే శక్తి నాలుగో వంతుకు పడుతుంది. లెక్కలో చూస్తే 1,400 ఫుట్ పౌండ్లతో మొదలై 400కి వస్తుంది. అందుకే గుండుతో వేటాడేవాళ్లు 50, 60 గజాలకు మించి పేల్చరు. ఆ దూరంలో పక్కటెముకల మధ్యనుంచి పోతే గుండు ఎంత శుభ్రంగా పనిచేస్తుందో చూసినవాళ్లకు తెలుసు. 48 కంటే నెమ్మది మెలిక ఉన్న గొట్టమైతే మారుమాట లేకుండా గుండే వాడండి.

గొట్టానికి సరిపడా సీసం తూటా, అంటే కానికల్. 300 నుంచి 400 గ్రెయిన్ల దాకా ఉంటాయి. బరువు ఎక్కువ కనుక లోతుగా దిగుతుంది, జింక లాంటి జంతువులో సాధారణంగా అవతలికి పోతుంది. సాబో నిషిద్ధమైన రాష్ట్రాల్లో గుండు కాకపోతే ఇదే దిక్కు. లోపాలు రెండు: భుజాన్ని గట్టిగా తంతుంది, 100 గజాలు దాటాక తొందరగా కిందికి దిగిపోతుంది. గొట్టంలో వదులుగా ఉంటే నడిచేటప్పుడు ముందుకి జారే ప్రమాదం కూడా ఉంది. దాని సంగతి కింద చెబుతాను.

సాబో. ఇన్‌లైన్ ఉన్నవారిలో ఎక్కువమంది వాడేది. 50 కేలిబర్ గొట్టంలో 0.452 అంగుళాల సన్న తూటాని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి దట్టిస్తాం. తొడుగుకి పూరేకుల్లా రెక్కలుంటాయి. గొట్టం మూతి దాటగానే గాలికి రెక్కలు విచ్చుకుని తొడుగు రాలిపోతుంది, తూటా ఒక్కటే ముందుకి సాగుతుంది.

4. తూటా కట్టుబడి, అంటే దాన్ని దేనితో ఎలా చేశారో, చూడండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను.

నా మొదటి సీజన్లో, ఎండుటాకులు నిండిన ఒక వాగు గట్టున, ముప్పై గజాల్లో ఒక బక్, అంటే మగ జింక, వచ్చి నిలబడింది. అంత దగ్గరలో తప్పేదేముందని జబ్బ మీదే గురిపెట్టాను. పొగ పోయాక చూస్తే కొన్ని వెంట్రుకలు, నాలుగు చుక్కల నెత్తురు. ఇరవై అడుగుల తర్వాత ఆ చుక్కలూ లేవు. చీకటి పడేదాకా వెతికాను. మర్నాడు పొద్దున మూడు వందల గజాల అవతల ముళ్లపొదలో దొరికింది. అప్పటికే కొయొటీలు (అక్కడి నక్కల్లాంటి జంతువులు) సగం తినేశాయి. కోసి చూస్తే తూటా జబ్బ ఎముకని తాకి ముక్కలైపోయింది, ఒక్క ముక్క కూడా అవతలి పక్క పక్కటెముకలు దాటలేదు. నేను వాడింది పిస్తోలు కోసం చేసిన పలచటి రాగి పూత తూటా. పిస్తోలు నుంచి సెకనుకు వెయ్యి అడుగుల చిల్లరతో పోవడానికి దాన్ని మలిచారు. నేను దాన్ని 1,900 అడుగులకు పైగా తరిమాను, అదీ ముప్పై గజాల్లో ఎముక మీదికి. గురి తప్పలేదు, తూటా తప్పు. ఒక ప్రాణం వృథాగా పోయింది. ఆ సంగతి నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

సాబోలో వాడే తూటాల్ని కట్టుబడిని బట్టి ఇలా అర్థం చేసుకోండి.

సీసం మీద పలచటి రాగి పూత ఉన్నవి, ముఖ్యంగా మొనకి ప్లాస్టిక్ చివర ఉన్నవి, త్వరగా విచ్చుకుంటాయి. హోర్నడీ ఎస్‌ఎస్‌టీ ఈ కోవలోనిది. 80 నుంచి 150 గజాల్లో, పక్కటెముకల వెనక ఊపిరితిత్తుల మీదికి పేల్చేవారికి బాగా పనిచేస్తాయి, గాలిని చక్కగా చీలుస్తాయి. దగ్గర దూరంలో జబ్బ మీద కొడితే మాంసం పాడవుతుంది, అవతలికి పోతుందన్న నమ్మకం తగ్గుతుంది.

పిస్తోలు తూటాలన్నీ పనికిరానివని కాదు. హోర్నడీ ఎక్స్‌టీపీని సాబోలో పెట్టి ఏళ్ల తరబడి జింకలు కొట్టినవాళ్లు ఉన్నారు, ధర కూడా తక్కువ. దాన్ని మందు తగ్గించి, అంటే 80, 90 గ్రెయిన్లతో, ఎముకకి దూరంగా వాడాలి.

పూర్తిగా రాగితో చేసినవి, ఉదాహరణకి బార్న్స్ వాళ్ల టీ-ఈజెడ్, టీఎంజెడ్, ముక్కలు కావు. మొన పూరేకుల్లా వెనక్కి విచ్చుకుంటుంది, బరువు దాదాపు అంతా నిలుస్తుంది, అవతలి పక్క రంధ్రం పడుతుంది. జబ్బ ఎముక అడ్డొచ్చినా ఆగదు. అయితే విచ్చుకోవడానికి కొంత వేగం కావాలి. దూరం పెరిగి వేగం తగ్గితే సన్నటి రంధ్రం చేసుకుని పోతుంది. తయారీదారు చెప్పిన కనీస వేగం ఎంతో చూసి, మీ దూరం దాని లోపలే ఉంచుకోండి.

నా ఎంపిక రాగి తూటా, 250 గ్రెయిన్లు. ఆ మొదటి ఏడాది తర్వాత మారలేదు. దీనికి వంటింటి కారణం కూడా ఉంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసం ఖీమాని ఎక్స్‌రే తీస్తే సీసం రవ్వలు కనిపించాయి, అక్కడి ఆరోగ్య శాఖ దాన్ని పంచొద్దని చెప్పింది. కంటికి కనపడనంత సన్న రవ్వలు గాయానికి చాలా దూరం దాకా చెదురుతాయి. జింక మాంసంలో అల్లం వెల్లుల్లి దట్టించి, మిరియాల వేపుడు చేసి పిల్లలకు పెట్టే ఇల్లు మాది. సీసం విషయంలో పిల్లలకి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. సీసం తూటానే వాడాల్సి వస్తే గాయం చుట్టూ మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి, ఆ భాగాన్ని ఖీమాకి పంపొద్దు.

5. బరువు, మందు

తెల్లతోక జింకకి 240 నుంచి 300 గ్రెయిన్ల సాబో తూటా సరిపోతుంది. చాలామంది 150 గ్రెయిన్ల మందు పోస్తేనే మగతనం అనుకుంటారు. 100 గ్రెయిన్ల మందుతో 250 గ్రెయిన్ల తూటా సుమారు 1,900 అడుగుల వేగం అందుకుంటే, మూతి దగ్గర దాని శక్తి 2,000 ఫుట్ పౌండ్లు. జింకకి ఇది కావాల్సిన దానికంటే ఎక్కువే. ఇంకో 50 గ్రెయిన్లు కలిపితే తన్ను పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, తన్నుకి జడిసి ట్రిగ్గర్ని గుంజేసే అలవాటు కూడా పడుతుంది.

మజిల్‌లోడర్‌లో మందుని తూచరు, కొలపాత్రతో కొలుస్తారు. 100 గ్రెయిన్లంటే బ్లాక్ పౌడర్ 100 గ్రెయిన్లు పట్టే కొలత. బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటి మందులు అదే కొలతకి బరువు తక్కువ తూగుతాయి, బలం ఎక్కువ ఇస్తాయి. వాటిని కాటాలో పెట్టి 100 గ్రెయిన్లు తూచి పోస్తే ప్రమాదం. మందు డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి పోయొద్దు, లోపల నిప్పురవ్వ ఉంటే డబ్బా చేతిలోనే పేలుతుంది. మీ తుపాకీకి తయారీదారు రాసిన గరిష్ఠ కొలత ఎప్పుడూ దాటొద్దు. మామూలు తుపాకీ గుళ్లలో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా ఇందులో పోయకూడదు. గొట్టం పగిలి చేతులు, కళ్లు పోయినవాళ్లు ఉన్నారు.

6. దట్టించేటప్పుడు చెయ్యి ఏం చెబుతోందో వినండి

రెండుమూడు రకాల సాబోలు కొన్ని కొన్ని తెచ్చుకోండి, ఒకేసారి పెద్ద ప్యాకెట్లు వద్దు. రామ్‌రాడ్‌ని, అంటే తూటా దట్టించే కడ్డీని, గట్టిగా, ఒకే ఒత్తిడితో నెడితే తూటా మొదటినుంచి చివరిదాకా సమంగా దిగాలి. బొటనవేలితో నెడితే జారిపోతే వదులు. ఒళ్లంతా బరువు వేసినా ఇరుక్కుంటే మరీ బిగుతు, అడవిలో రెండో తూటా దట్టించలేరు. బిగుతైతే ఒంటికి గాడులున్న హార్వెస్టర్ క్రష్ రిబ్ లాంటి సాబో ప్రయత్నించండి. జనవరి చలిలో ప్లాస్టిక్ ఇంకా బిరుసెక్కుతుంది కనుక ఈ పరీక్ష వెచ్చటి గ్యారేజీలో కాకుండా బయట చేయండి.

తూటా మందు మీద ఆనుకునే ఉండాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే ఖాళీ గొట్టంలో రాడ్ దించి ఒక గీత, మీ మందు, మీ తూటా దట్టించాక ఇంకో గీత పెట్టుకోండి. వేటలో కొండ దిగాక, కంచె దాటాక ఒకసారి రాడ్ దించి రెండో గీత చూడండి. గీత పైకి లేచిందంటే తూటా జారింది. అలా ఉన్నప్పుడు పేల్చకుండా మళ్లీ దట్టించండి.

7. రేంజ్‌లో (గురి సాధన చేసే మైదానంలో) పరీక్ష, నేల మీద చదువు

మొదట 25 గజాల్లో కాగితం మీద పడేలా సరిచేసుకుని, తర్వాత 100 గజాలకు వెళ్లండి. ఒక్కో కూర్పుకి మూడు తూటాలు. ఒకసారికి ఒక్కటే మార్చండి: తూటా మారిస్తే మందు మార్చొద్దు, మందు మారిస్తే సాబో మార్చొద్దు. 80 గ్రెయిన్లతో మొదలెట్టి పది పదిగా పెంచుతూ ఏ కొలత దగ్గర మూడు రంధ్రాలు దగ్గరగా పడుతున్నాయో చూడండి. ట్రిపుల్ సెవెన్, పైరోడెక్స్ వాడితే ప్రతి తూటాకీ మధ్య తడి గుడ్డ, తర్వాత పొడి గుడ్డ దించాలి, లేదంటే లోపల గట్టి మసి కట్టి తూటా ఇరుక్కుంటుంది. గొట్టం చేతికి వేడిగా తగులుతుంటే ఆగండి. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి గురి చెదురుతుంది, మీరు తూటాని నిందిస్తారు.

ఎప్పుడైనా పేలకపోతే తుపాకీని టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. ఆలస్యంగా అంటుకోవచ్చు.

ఇక నాకు ఇష్టమైన పని. రేంజ్ ఆగిందని చెప్పాక ముందుకు నడిచి, గడ్డిలో పడ్డ సాబోలు ఏరుకోండి. పేల్చిన చోటికి ముందు కొంత దూరంలో దొరుకుతాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చూడండి. రెక్కలన్నీ సమానంగా వెనక్కి విచ్చుకుని, అడుగు భాగం గుండ్రంగా ఉండి, గాడుల గీతలు పక్కన స్పష్టంగా పడ్డాయా? అది మీ గొట్టానికి నచ్చిన సాబో. ఒక రెక్క ఊడిపోయిందా, అడుగు కరిగి పక్కకి చిరిగిందా? మందు ఎక్కువైంది, లేదా సాబో వదులై వేడి గాలి పక్కనుంచి దూసుకుపోయింది. కాగితం మీద రంధ్రాలు ఎందుకు చెదిరాయో సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఒకసారి నా కాగితం మీద రెండు రంధ్రాలు కలిసి, మూడోది ఆరు అంగుళాల ఎడంగా పడింది. స్కోప్ మరలు బిగించబోయి, ముందు సాబోలు చూశాను. రెండు పువ్వుల్లా ఉన్నాయి, మూడోదానికి ఒక రెక్క లేదు. సాబో మార్చాక చెదరడం ఆగింది.

100 గజాల్లో మూడు రంధ్రాలు 3 అంగుళాల లోపు పడితే జింకకి చాలు. దాని గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంతకంటే గొప్ప గురి కోసం వంద డాలర్లు తగలేసే కంటే, ఆ డబ్బుతో మోకాలి మీద కూర్చుని, చెట్టుకి ఆనుకుని సాధన చేయండి.

8. మీ దూరం మీరే గీసుకోండి

100 గజాలకు సరిచేసిన 250 గ్రెయిన్ల తూటా 150 గజాల దగ్గర అరచేతి వెడల్పు కంటే కాస్త ఎక్కువ దిగుతుంది. 200 దగ్గర అడుగు దాటి దిగుతుంది. ఈ అంకెలు మీ తుపాకీలో ఎంతో కాగితం మీద పేల్చి చూడండి, డబ్బా మీద నమ్మొద్దు. పక్కవాటుగా వీచే గాలి కూడా ఈ లావాటి తూటాల్ని బాగా నెడుతుంది. నా హద్దు 120 గజాలు. బెంచి మీద 200లో కొట్టగలను, అయినా అడవిలో 120 దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టను.

శుభ్రం చేసి, ఒక ఉత్తి ప్రైమర్ పేల్చి నూనె కాల్చేసిన గొట్టం నుంచి మొదటి తూటా ఎక్కడ పడుతుందో వేరేగా రాసుకోండి. వేటలో పేల్చేది ఆ ఒక్కటే. నేను దాన్ని సీజన్‌కి ముందు మూడు వేర్వేరు రోజుల్లో చూస్తాను, చల్లటి గొట్టంతో, రోజుకి ఒక్క తూటా. తూటా పేరు, బరువు, సాబో రంగు, మందు కొలత, ప్రైమర్, 50, 100, 150 గజాల్లో పడ్డ చోటు, అన్నీ ఒక చీటీ మీద రాసి స్టాకు (భుజానికి ఆనించే తుపాకీ పిడి) లోపలి పక్కన టేపుతో అంటిస్తాను. కొట్టిన ప్రతి జింకనీ కోసేటప్పుడు అవతలి పక్క రంధ్రం ఎంత వెడల్పుందో వేలితో కొలిచి, అదే చీటీ కింద ఒక వరస చేరుస్తాను. ఇప్పటికి తొమ్మిది వరసలయ్యాయి. తొమ్మిదింటికీ రంధ్రం ఉంది.